నిమిషానికి ఆరు శ్వాసలు: ఒక టైలర్ కేసు

తిరుపతి కొర్లగుంటలో నాది చిన్న క్లినిక్. ఒక పరీక్ష బల్ల, ఒక ఈసీజీ మిషన్, చేత్తో గాలి కొట్టే బీపీ మిషన్, సెకన్ల ముల్లున్న గోడ గడియారం. ఈ కేసులో అసలు పరీక్షకు నేను వాడిన సామాను ఇంతే. రోగి, ఆయన ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టగల వివరాలు మార్చాను.

మనిషికి 54 ఏళ్ళు. ఊరు చంద్రగిరి వైపు పల్లె, తిరుపతిలో గాంధీరోడ్డు పక్క సందులో టైలరింగ్ షాపు. షుగర్ బయటపడి 13 ఏళ్ళయింది. భార్య, 22 ఏళ్ళ కొడుకు వెంట వచ్చారు. నిజానికి వాళ్ళు జబ్బు చూపించుకోవడానికని రాలేదు. కొడుక్కి ఉద్యోగమొస్తే అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కుతానని ఆయన మొక్కుకున్నారు. ఉద్యోగం వచ్చింది. "మెట్లెక్కొచ్చా సార్? మీరు సరేనంటే ఈ శనివారమే పోతాం" అన్నారు.

ఆయన భార్య ఊరుకోలేదు. "ఆ తల తిరిగే సంగతి చెప్పవేంది?" అంది.

అప్పుడు చెప్పారు. "పొద్దున టిఫిన్ తిని మిషన్ ముందర కూర్చుంటా సార్. ఒక గంటకు లేస్తే కండ్లు మసకలొస్తాయి. గోడ పట్టుకోని నిలబడాల. దడ మాత్రం ఎప్పుడూ ఉంటాది. పండుకున్నా ఉంటాది."

ఎనిమిది నెలలుగా ఇదే వరస. రెండు చోట్ల చూపించారు. థైరాయిడ్ సరిగ్గానే ఉంది, రక్తం తక్కువ లేదు, ఈసీజీ బాగుందన్నారు. కొడుకు ఉద్యోగం గురించి టెన్షన్ పడుతున్నారని ఒక మాత్ర రాశారు. దాన్ని రెండు వారాలు మింగి ఆయనే మానేశారు. ఉద్యోగం వచ్చి రెండు నెలలైంది, దడ పోలేదు.

తెచ్చిన పాత ఈసీజీలు మూడు. గుండె వేగం 102, 108, 104. లయ బాగుంది, వేగం కాస్త ఎక్కువ అని రిపోర్టు. ఆ రిపోర్టుల్లో తప్పేమీ లేదు. పది సెకన్ల కాగితం మీద, మామూలుగా ఊపిరి తీసుకుంటున్న మనిషిలో అంతకన్నా ఏమీ కనపడదు. కానీ "పండుకున్నా ఉంటాది" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. టెన్షన్‌తో వచ్చే దడ పడుకుని కాసేపు నెమ్మదిస్తే దిగాలి.

మణికట్టు పట్టుకుని నాడి చూశాను. నిమిషానికి 106. పెద్దగా ఊపిరి తీసుకుని మెల్లగా వదలమన్నాను. నాడిలో ఏ మార్పూ లేదు. ఇది చదువుతున్నవాళ్ళు ఇప్పుడే మీ నాడి పట్టుకుని చూడవచ్చు. ముఖ్యంగా వయసులో ఉన్నవాళ్ళకు, నిదానంగా పీల్చేటప్పుడు నాడి పరుగెత్తడం, వదిలేటప్పుడు తగ్గడం వేలికే తెలుస్తుంది. ఆయన నాడి ఊపిరిని అసలు పట్టించుకోలేదు.

ఊపిరికీ నాడికీ లంకె

ఆరోగ్యంగా ఉన్న గుండె గడియారంలా కొట్టుకోదు. పీల్చినప్పుడు కొంచెం వేగం, వదిలినప్పుడు కొంచెం నెమ్మది. దీన్ని రెస్పిరేటరీ సైనస్ అరిత్మియా అంటారు. పేరులో అరిత్మియా ఉంది కాబట్టి జబ్బేమో అనుకుని భయపడేవాళ్ళను చాలామందిని చూశాను. ఇది ఉండటం జబ్బు కాదు. ఉండాల్సిన వయసులో లేకపోతేనే ఆలోచించాలి.

జర్మన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ లుడ్విగ్ దీన్ని 1847లో కుక్కల్లో గీత రూపంలో పట్టాడు. తిరిగే డ్రమ్ము మీద గీత గీసే కైమోగ్రాఫ్ ఆయన తయారు చేసిందే. మా తరం ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో పొగపట్టించిన కాగితం చుట్టిన ఆ డ్రమ్ము మీదే కప్ప గుండె గీతలు తీసుకుంది. వేళ్ళకు అంటిన ఆ మసి గుర్తుంది. అదే యంత్రం మీద మొదట్లోనే ఊపిరికీ నాడికీ ఉన్న లంకె దొరికిందన్న సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

లంకె వేసేది వేగస్ నరం. మెదడు అడుగు నుంచి మెడ మీదుగా గుండెకు, పొట్టకు దిగుతుంది. గుండెకు ఇది బ్రేకు లాంటిది. గుండెను దాని మానాన వదిలేస్తే నిమిషానికి దాదాపు 100 సార్లు కొట్టుకుంటుంది. బ్రేకు పడుతుంది కాబట్టే మనకు 70, 75 ఉంటుంది. గుండె మార్పిడి చేయించుకున్నవాళ్ళకు నరాలు తెగిపోతాయి కాబట్టి కొత్త గుండె కూర్చున్నచోటే 90 నుంచి 110 దాకా కొట్టుకుంటుంది, ఊపిరితో వచ్చే ఊగు దాదాపు మాయమవుతుంది. ఊపిరి పీల్చేటప్పుడు మెదడులోని శ్వాస కేంద్రం ఆ బ్రేకును కాస్త వదులు చేస్తుంది, వదిలేటప్పుడు మళ్ళీ వేస్తుంది. ఊపిరితిత్తులు సాగడం, బీపీలో వచ్చే చిన్న మార్పులు కూడా దీనికి తోడవుతాయి. వేగస్ ప్రభావం ఒక్క గుండె దెబ్బలోనే కనపడుతుంది. గుండెను పరుగెత్తించే సింపథెటిక్ నరాలు పని చూపించడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అందుకే ఒక్క శ్వాస లోపల వచ్చి పోయే మార్పు ఎక్కువగా వేగస్ పనే.

షుగర్ పొడుగాటి నరాలను ముందు దెబ్బ తీస్తుంది. అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు అందుకే ముందు వస్తాయి. వేగస్ కూడా పొడుగు నరమే. ఈయనకు అరికాళ్ళ మంటలు మూడేళ్ళుగా ఉన్నాయి. ఆ సంగతి కూడా నేను అడిగితేనే చెప్పారు.

కొలత

ఆ రోజు పరీక్ష చేయలేదు. బస్టాండులో టీ తాగి వచ్చారు. మర్నాడు పొద్దున్నే టీ, కాఫీ, బీడీ లేకుండా రమ్మన్నాను. వచ్చాక వేలి మీద షుగర్ చూశాను, 142. షుగర్ బాగా పడిపోయి ఉన్నా ఈ పరీక్ష తప్పు చెబుతుంది. పది నిమిషాలు బల్ల మీద ఊరకే పడుకోమన్నాను.

ఎడిన్‌బరోలో డేవిడ్ యూయింగ్, బసిల్ క్లార్క్ షుగర్ రోగుల్లో ఈ నరాల లోపం పట్టడానికి ఒక పరీక్షల వరసను స్థిరపరిచారు. 1982లో వాళ్ళు రాసిన పద్ధతే ఇప్పటికీ మాలాంటి చిన్న క్లినిక్కులకు ఆధారం. అందులో ఒకటి ఇది: ఐదు సెకన్లు పీల్చడం, ఐదు సెకన్లు వదలడం, నిమిషానికి ఆరు శ్వాసలు. ఆ నిమిషమంతా ఈసీజీ నడుస్తూ ఉండాలి. ఆరే ఎందుకంటే, దాదాపు ఆ వేగంలోనే ఈ ఊగు బాగా పెద్దదై కనపడుతుంది. వేగంగా ఊపిరి తీస్తే ఆరోగ్యవంతుడిలోనూ చిన్నదైపోతుంది.

మొదటిసారి చెడిపోయింది. పీల్చమంటే ఆయన రెండు సెకన్లలో ఛాతీ నింపి బిగబట్టారు. కండరాలు బిగుసుకుని ఈసీజీ గీత మొత్తం వణికింది. చాలామంది ఇదే చేస్తారు. అప్పుడు, "ఇస్త్రీ పెట్టె తోసినట్టు తీసుకోండి. ఎక్కడా ఆపకుండా, ఒకే వేగంతో. అటు చివరికి పోయాక మళ్ళీ అట్లనే ఇటు లాగండి" అన్నాను. నా చెయ్యి పైకి లేపుతుంటే పీల్చడం, దించుతుంటే వదలడం. రెండోసారి చక్కగా చేశారు.

ఇక్కడ తోటి డాక్టర్లకు ఒక మాట చెప్పాలి. ఈసీజీ కాగితం మామూలుగా సెకనుకు 25 మిల్లీమీటర్లు నడుస్తుంది. 1500ను రెండు దెబ్బల మధ్య ఉన్న చిన్న గడుల (ఒక్కోటి ఒక మిల్లీమీటరు) సంఖ్యతో భాగిస్తే గుండె వేగం వస్తుంది. 14 గడులైతే 107, 14న్నర అయితే 103. అంటే అర గడి చూపు తప్పితే నాలుగు దెబ్బల తేడా వచ్చేస్తుంది. 20, 25 దెబ్బల ఊగును కొలిచేటప్పుడు అది పెద్ద లెక్క కాదు. మూడు నాలుగు దెబ్బల ఊగు ఉన్న రోగిలో మాత్రం నువ్వు కొలిచేది జబ్బునా, నీ కంటి పొరపాటునా అన్నది తేలదు. అందుకే కాగితం వేగాన్ని 50కి మార్చుకోవాలి. దాదాపు ప్రతి మిషన్‌లోనూ ఆ బటన్ ఉంటుంది, దాన్ని నొక్కేవాళ్ళు తక్కువ. అప్పుడు 3000ను మిల్లీమీటర్లతో భాగించాలి.

50 వేగంతో తీసిన ఆయన కాగితం మీద, పీల్చేటప్పుడు రెండు దెబ్బల మధ్య అతి తక్కువ దూరం 28 మిల్లీమీటర్లు, అంటే 107. వదిలేటప్పుడు అతి ఎక్కువ దూరం 29, అంటే 103. ఆరు శ్వాసల సగటు తేడా 4. ఈ తేడా 15గానీ అంతకన్నా ఎక్కువగానీ ఉంటే మామూలు, 11 నుంచి 14 సందేహం, 10గానీ తక్కువగానీ ఉంటే తేడా ఉన్నట్టు. వయసు పెరిగేకొద్దీ ఊగు ఎవరికైనా తగ్గుతుంది, 54 ఏళ్ళ మనిషిని 22 ఏళ్ళ కుర్రవాడితో పోల్చకూడదు. ఎంత తగ్గించి చూసినా 4 తక్కువే.

అయినా నాకు నమ్మకం కుదరలేదు. మిషన్ సరిగ్గా ఉందా, నేను చెయ్యి ఊపే పద్ధతి సరిగ్గా ఉందా అని చూసుకోవడానికి కొడుకును బల్ల మీద పడుకోమన్నాను. అదే మిషన్, అదే చెయ్యి. పీల్చేటప్పుడు 32 మిల్లీమీటర్లు, వదిలేటప్పుడు 48. నిమిషానికి 94 నుంచి 62కి దిగి మళ్ళీ ఎక్కుతోంది. ఆరు శ్వాసల సగటు తేడా 28. మిషన్ బాగానే ఉంది.

రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పరిచాను. టైలర్ వంగి చూశారు. గీత పైకి పొడిచిన ఒక్కో మొన మీద చూపుడు వేలు పెట్టుకుంటూ పోయారు. కొడుకు కాగితం మీద వేలు దగ్గర దగ్గరగా, తర్వాత దూరం దూరంగా, మళ్ళీ దగ్గరగా పడింది. ఆయన కాగితం మీద ఒకే ఎడంతో నడిచింది. "మావోడిది చేతికుట్టు మాదిరి ఉండాది సార్. నాది మిషన్ కుట్టు. మిషన్ కుట్టే గదా నికరం?"

"బట్టకు మిషన్ కుట్టే గట్టి. గుండె మాత్రం ఊపిరికి తగ్గట్టు సర్దుకుంటా ఉండాల. సర్దే నరం సరిగ్గా పని చేయకపోతే ఇట్లా ఒకే కుట్టు పడతాది" అన్నాను. ఇన్నేళ్ళలో ఈ పరీక్షను ఎంతోమందికి వివరించాను. ఇంత త్వరగా అర్థం చేసుకున్న మనిషి ఇంకొకరు లేరు.

తర్వాత నిలబెట్టి చూశాను. పడుకున్నప్పుడు బీపీ 148/86. లేచిన నిమిషానికి 126/80, మూడు నిమిషాలకు 116/76. పై అంకె 32 పడింది. బీపీ అంత పడితే గుండె పరుగెత్తి సర్దాలి. ఆయనది 106 నుంచి 110కి వెళ్ళింది, అంతే. పెరిగిన దెబ్బలను పడిపోయిన బీపీతో భాగిస్తే 0.13 వచ్చింది. ఇది 0.5 కన్నా తక్కువ ఉంటే, ఒంట్లో నీళ్ళు తగ్గి కాకుండా నరాల లోపం వల్లే బీపీ పడుతోందని అనుమానించాలి. లేచిన తర్వాత 15వ దెబ్బ దగ్గర గుండె వేగంగా ఉండి, 30వ దెబ్బకు నెమ్మదించడం మామూలు పద్ధతి. ఆ రెండు చోట్లా దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న దూరాల నిష్పత్తి కనీసం 1.04 ఉండాలి. ఈయనకు సరిగ్గా 1.00.

వరసలో ఇంకో పరీక్ష, గొట్టంలోకి 40 మిల్లీమీటర్ల ఒత్తిడితో 15 సెకన్లు ఊదించేది, చేయలేదు. 13 ఏళ్ళ షుగర్ ఉన్న మనిషి కంటి వెనక పొర చూడకుండా అంత గట్టిగా ఊదిస్తే, అక్కడ పలచటి కొత్త రక్తనాళాలుంటే చిట్లి రక్తం కారవచ్చు. కంటి డాక్టర్ దగ్గరికి పంపాను. అలాంటి నాళాలే ఉన్నాయి. లేజర్ మొదలుపెట్టారు. పదమూడేళ్ళలో ఆయన కళ్ళు చూపించుకోవడం అదే మొదటిసారి.

నా పొరపాటు

ఆ రెండో రోజే ఆయన పుస్తకంలో "తీవ్రమైన అటానమిక్ న్యూరోపతి" అని రాసి, గుండెను నడిపే నరాలు బాగా దెబ్బతిన్నాయని ముగ్గురికీ చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు ఏమీ మాట్లాడలేదు.

వారం తర్వాత కంటి రిపోర్టు తెచ్చిన రోజు, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ కవర్‌లో వేసుకుని రమ్మంటే ఆమె తెచ్చింది. షుగర్ మాత్రలు, బీ కాంప్లెక్స్, వాటి కింద సగం అయిపోయిన షీటు ఒకటి. అమిట్రిప్టిలిన్, 25 మిల్లీగ్రాములు. అరికాళ్ళ మంటలకు మూడేళ్ళ కిందట ఒకరు రాశారు. అప్పటి నుంచి పాత షీటు చూపించి మెడికల్ షాపులో కొనుక్కుంటున్నారు. రోజూ రాత్రి ఒకటి.

ఆ మాత్ర మంచిదే, మంటలకు పని చేస్తుంది. కానీ వేగస్ గుండె దగ్గర వదిలే రసాయనానికి అడ్డం పడుతుంది. నాడి పెరుగుతుంది, ఊపిరితో వచ్చే ఊగు తగ్గుతుంది, లేచినప్పుడు బీపీ పడుతుంది. నేను కొలిచిన మూడింటినీ ఆ ఒక్క మాత్ర కొంతవరకు తెచ్చిపెట్టగలదు. నరం ఎంత దెబ్బతిన్నది, మాత్ర ఎంత నొక్కింది అన్నది తేలకుండానే నేను "తీవ్రం" అని రాసేశాను.

మందులేమైనా వాడుతున్నారా అని మొదటిరోజే అడిగాను. షుగర్ మాత్రలు తప్ప లేవన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన లెక్కలో అది నిద్రమాత్ర, మందు కాదు. అడగాల్సింది వేరు: "రాత్రి పడుకునే ముందు ఏమేం మింగుతారు?" ఇప్పుడు ప్రతి పరీక్షకు ముందూ ఇదే అడుగుతున్నాను. జలుబు మాత్రలు, కడుపునొప్పి మాత్రలు, దడకిచ్చే మాత్రలు, మూత్రం సాఫీగా రావడానికిచ్చేవి, అన్నీ షీటుతో సహా తెమ్మంటున్నాను.

ముగ్గురినీ కూర్చోబెట్టి నేను తొందరపడ్డానని చెప్పాను. పుస్తకంలో ఆ మాటను కొట్టేసి, పక్కన తేదీ వేసి, "మాత్ర ఆపాక మళ్ళీ కొలవాలి" అని రాశాను. మాత్రను ఒక్కసారిగా ఆపలేదు. వారం రోజులు 10 మిల్లీగ్రాములకు దించి, తర్వాత ఆపాను. మంటలు మళ్ళీ లేచాయి, రెండు రాత్రులు నిద్రపోలేదన్నారు. కిడ్నీ పరీక్ష చూసుకుని ప్రెగాబలిన్ 75 రాత్రికి మొదలుపెట్టాను. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ళ తరబడి వాడుతున్న మనిషి, అది బీ12 విటమిన్‌ను తగ్గించవచ్చు కాబట్టి అది కూడా చూశాను. తక్కువగా ఉంది, సూదులు వేశాం.

మూడు వారాల తర్వాత అదే పొద్దుటి పూట, అదే బల్ల. నాడి 96. పీల్చేటప్పుడు 30 మిల్లీమీటర్లు, వదిలేటప్పుడు 32న్నర. సగటు తేడా 7. లేచిన తర్వాతి నిష్పత్తి 1.02, అంటే సందేహం గీత మీద. బీపీ 146/84 నుంచి 126/78కి, 20 పడింది, నాడి 7 పెరిగింది.

కాబట్టి నరం దెబ్బ నిజమే, మాత్ర వల్ల వచ్చిన కల్పన కాదు. మొదట అనుకున్నంత లోతు మాత్రం కాదు. 4కీ 7కీ మధ్య తేడా చిన్నదిగా కనపడవచ్చు. కాగితం 50 వేగంతో నడిచినప్పుడు నా కంటి పొరపాటు రెండు దెబ్బలకు మించదు, దాన్ని ఆరు శ్వాసల మీద సగటు తీస్తే ఇంకా తగ్గుతుంది. అదీ కాక నాడి, బీపీ, ఊగు మూడూ మంచి వైపుకే కదిలాయి. అందుకే ఆ తేడాను నమ్మాను.

వాచీ సంగతి

కొడుకు సాఫ్ట్‌వేర్ వాడు. తన చేతి వాచీ నాన్న చేతికి పెట్టి వారం రోజుల లెక్కలు తెచ్చాడు. "సార్, హార్ట్ రేట్ వేరియబిలిటీ అని ఇది కూడా చూపిస్తుంది. మీ పరీక్షకు బదులు ఇది చాలదా?" అన్నాడు. ఈ ప్రశ్న ఇప్పుడు వారానికి ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు.

చాలదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఎంత మారుతోందో చెప్పే అంకె అది. వాచీ కొలిచేటప్పుడు మనిషి ఎంత వేగంతో ఊపిరి తీస్తున్నాడో మన చేతిలో ఉండదు. ఊపిరి వేగం మారితే నరం అదే ఉన్నా అంకె మారిపోతుంది. అతని ఫోన్ యాప్‌లో ఇంకో చిక్కు ఉంది. గుండె లయలోని మార్పులను అది రెండు రకాలుగా విడగొడుతుంది, నెమ్మదిగా వచ్చేవి, వేగంగా వచ్చేవి. 1996లో యూరప్, అమెరికా గుండె వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన ప్రమాణాల్లో వేగంగా వచ్చే భాగం 0.15 నుంచి 0.40 హెర్ట్జ్ దాకా, అంటే నిమిషానికి 9 నుంచి 24 సార్లు. ఊపిరితో వచ్చే ఊగు మామూలుగా అందులో పడుతుంది. కానీ నిమిషానికి ఆరు శ్వాసలంటే 0.1 హెర్ట్జ్. నిమిషానికి తొమ్మిదికన్నా తక్కువ శ్వాసలు తీస్తే ఊగు మొత్తం నెమ్మది భాగంలోకి జారిపోతుంది. ఆ భాగాన్ని చాలా యాప్‌లు "టెన్షన్" అని రంగు వేసి చూపిస్తాయి. ధ్యానంలో కూర్చుని నిదానంగా ఊపిరి తీసుకుంటున్న మనిషికి టెన్షన్ పెరిగిందని చెప్పే యాప్ లెక్క ఇలా పుడుతుంది. నేను ఇది కాగితం మీద గీసి చూపించాను. అతను వెంటనే ఫోన్ తీసి నిమిషం పాటు మెల్లగా ఊపిరి తీసుకుని చూశాడు, ఎర్ర గీత పైకి పోయింది.

వాచీ పనికిరాదని కాదు. అదే మనిషిలో నెలల తరబడి రాత్రి నాడి ఎటు పోతోందో చూడటానికి బాగుంటుంది. రోగ నిర్ధారణకు మాత్రం ఊపిరిని కట్టడి చేసి కొలవాలి.

మెట్ల సంగతి

అలిపిరి దారిలో 3550 మెట్లు. గాలిగోపురం దాకా నిట్టనిలువు ఎక్కుడు. ఆ తర్వాత చాలా దూరం సులువే, చివర్లో మళ్ళీ మోకాళ్ళ మెట్టు. షుగర్, బీపీ, గుండె జబ్బులున్నవాళ్ళు నడక పెట్టుకోవద్దని టీటీడీ కూడా సూచిస్తూ ఉంటుంది. నాకు భయం మూడు చోట్ల. ఈయన గుండె అవసరానికి తగ్గట్టు వేగం పెంచుకోలేదు. నిలబడి ఎక్కుతుంటే బీపీ పడవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ నరాలు దెబ్బతిన్నవాళ్ళకు గుండెకు రక్తం అందకపోయినా నొప్పి తెలియకపోవచ్చు. నొప్పి వస్తే కూర్చుందాం అనుకుని ఎక్కడం కుదరదు.

గుండె డాక్టర్ దగ్గర ట్రెడ్‌మిల్ చేయించాం. గుండె వేగం 124 దాటలేదు, కాళ్ళు లాగి ఆపేశారు. ఈసీజీలో మార్పు లేదు, కానీ అంత తక్కువ వేగంతో ఆగిన పరీక్ష భరోసా ఇవ్వదు. అందుకని మందు ఎక్కించి తీసే గుండె స్కాన్ చేయించారు. రక్తం అందని చోటేదీ కనపడలేదు. అది మంచి వార్తే. అయినా మెట్లకు నేను ఒప్పుకోలేదు.

దడ తగ్గించే మాత్ర ఒకటి రాయమని ఆమె రెండుసార్లు అడిగింది. నాడి అంకె ఒక్కటే దించడానికి రాయలేదు. షుగర్ పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు ఈయనకు ముందే సరిగ్గా తెలియకపోవచ్చు, ఉన్న కాస్త ఆనవాలునూ ఆ మాత్ర కప్పేస్తుంది.

మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 10.4 శాతం ఉంది. దాన్ని ఒక్క ఊపున దించలేదు. చాలాకాలం ఎక్కువున్న షుగర్‌ను మూడు నెలల్లో రెండు పాయింట్లకు మించి దించితే నరాల నొప్పి, బీపీ పడిపోవడం కొత్తగా ముదరవచ్చు, కంటి పొర కూడా చెడవచ్చు. మూడు నెలలకు 8.8, ఆరు నెలలకు 7.6.

తల తిరగడానికి చెప్పినవి చిన్నవే. లేవడానికి ముందు రెండు గ్లాసుల నీళ్ళు. టిఫిన్ ఒకేసారి కడుపునిండా కాకుండా రెండుసార్లుగా, ఎందుకంటే తిన్నాక రక్తం పొట్టకు మళ్ళుతుంది, బీపీ ఇంకా దిగుతుంది. మంచం తల వైపు ఇటుక ఎత్తు లేపడం. పిక్కలు కదపడం గురించి చెబుతుంటే ఒకటి తెలిసింది. రెండేళ్ళ కిందటి దాకా ఆయనది కాలితో తొక్కే మిషన్. తర్వాత మోటార్ పెట్టించారు. తొక్కుతున్నంత కాలం పిక్కలు రక్తాన్ని పైకి తోస్తూ ఉండేవి. మోటార్ వచ్చాక కాళ్ళు కదలకుండా వేలాడుతున్నాయి. తల తిరగడానికి అదొక్కటే కారణం కాదు, కానీ తోడయింది. మోటార్ తీసేయమనలేదు. లేవబోయే ముందు ఖాళీ పెడల్ ఇరవైసార్లు తొక్కి లేవమన్నాను. ఆయనకు చెప్పిన వాటన్నిటిలో తప్పకుండా చేస్తున్నది అదే.

ఆరు నెలలకు తల తిరగడం ఎప్పుడో ఒకసారికి దిగింది. పడుకున్నప్పటి నాడి 90. ఊపిరి పరీక్షలో తేడా 8. ఏడుకీ ఎనిమిదికీ మధ్య తేడా కొలతలో వచ్చేదే, నరం కోలుకుందని నేను చెప్పను. తగ్గిపోలేదు, అంతవరకు చెప్పగలను. అదే ఆయనకూ చెప్పాను.

మొక్కు కొడుకు తీర్చాడు. మెట్లన్నీ అతనెక్కాడు. తండ్రి బస్సులో పోయి కొండ మీద కూర్చుని ఎదురుచూశారు. ముందు ఒప్పుకోలేదు. "నా మొక్కు వాడెట్ల తీరుస్తాడు సార్" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు, భార్యతోనే కబురు పంపారు.

ఈసీజీ కాగితం మీద గీత ఏడాది రెండేళ్ళలో వెలిసిపోతుంది. అందుకని అన్ని కాగితాలకూ జిరాక్స్ తీసి ఫైల్లో పెట్టాను. మొదటి పరీక్షవి రెండూ, తనదీ కొడుకుదీ, అసలు కాగితాలు కావాలని ఆయన అడిగి తీసుకున్నారు. షాపులో కొలతల పుస్తకంలో పెట్టుకున్నారట. మొన్న వచ్చినప్పుడు తన స్కేలు కూడా తెచ్చారు. కొత్త కాగితం మీద దాన్ని ఆనించి, మొనకూ మొనకూ మధ్య తానే కొలుచుకుని, నేను రాసిన అంకెతో సరిచూసుకుని, తర్వాతి పరీక్ష తేదీ అడిగి వెళ్ళారు.